రంపం మిషన్ మెగ్నీషియం కేసుకు పౌడర్ కోటింగ్: ఓవెన్‌కు మంచి మార్కులు, తొట్లకు సున్నా

పలాస జీడితోటల్లో, ఉద్దానం కొబ్బరితోటల్లో వాడే రంపం మిషన్లలో (చెయిన్‌సాల్లో) ఖరీదైన రకాలకు ఇంజిన్ కేసును మెగ్నీషియం మిశ్రమంతో పోస్తారు. ఘన సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే మెగ్నీషియం 1.74 గ్రాములే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన చెట్లను రోజుల తరబడి కోసిన భుజాలకు ఆ తేడా ఎంతటిదో తెలుసు. చిక్కంతా ఉప్పుగాలితోనే. నౌపడ ఉప్పుమడుల పక్కనో, భావనపాడు, బారువ తీరాల్లోనో పనిచేసే మిషన్‌కు కంపెనీ రంగు ఎక్కడ లేస్తే అక్కడ తెల్లటి పిండి పుడుతుంది, బోల్టుల చుట్టూ గుంటలు పడతాయి. అలాంటి కేసును మళ్లీ పూత వేయించడానికి విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోని పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చి పూత పెట్టే) షెడ్డుకు ఇస్తే పని ఎలా వస్తుంది అన్నదే ఈ సమీక్ష.

షెడ్డు దాని మామూలు వరసలో చేస్తే 5కి 1. కింద చెప్పిన షరతులతో చేయిస్తే 5కి 4. రెంటికీ మధ్య తేడా రంగు నాణ్యతలో లేదు, రంగుకు ముందు జరిగే పనిలో ఉంది.

ముందుగా కేసు నిజంగా మెగ్నీషియమేనా అని తేల్చుకోవాలి. కనిపించని మూల కొంచెం గీకి, మెరిసే లోహం మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. వెంటనే చిన్న బుడగలు లేస్తే మెగ్నీషియం. అల్యూమినియం అయితే చుక్క ఊరికే నిలబడుతుంది. ఆ చోటును వెంటనే మంచినీళ్లతో కడిగి తుడవండి.

ఈ షెడ్లు గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు, మంచాలకు కట్టినవి. అంటే ఇనుముకు. చాలాచోట్ల నడిచేది ఏడు తొట్ల పద్ధతి: జిడ్డు తీయడం, కడగడం, తుప్పు తీసే ఆసిడ్, కడగడం, ఫాస్ఫేటింగ్ (రంగు పట్టేందుకు ఫాస్ఫేట్ పొర ఎక్కించడం), కడగడం, పాసివేషన్ (ఆ పొరను తుప్పుకు తట్టుకునేలా చేయడం). ఇనుముకు ఇది సరైన వరసే. మెగ్నీషియానికి ఆ మూడో తొట్టి చావుదెబ్బ. ఆసిడ్‌లో పడగానే కేసు మరిగినట్టు హైడ్రోజన్ వదులుతుంది, నల్లబడుతుంది, బేరింగ్ కూర్చునే గూళ్లు వదులైపోతాయి. ఒకసారి కొలత పోయిన గూటిని ఏ పూతా తిరిగి తేలేదు. ఫాస్ఫేటింగ్ తొట్టి కూడా ఆసిడ్ గుణమున్నదే, అక్కడా ముంచకూడదు. మొదటి తొట్టి ఒక్కటే పనికొస్తుంది, అదీ అందులో ఉన్నది కాస్టిక్ లాంటి క్షార ద్రావణం అయితేనే. పీహెచ్ 11 దాటిన నీటిలో మెగ్నీషియం మీద హైడ్రాక్సైడ్ పొర నిలబడి లోహాన్ని కాపాడుతుంది. అల్యూమినియం ముక్కలకు మాత్రం కాస్టిక్ శత్రువు, కాబట్టి సిలిండర్, కార్బురేటర్, అల్యూమినియం బిగింపులు అన్నీ ఊడదీసి ఉత్త కేసే ఇవ్వాలి. బేరింగులు, ఆయిల్ సీళ్లు కూడా తీసేయాలి.

రెండో ప్రమాదం బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గుళ్లు కొట్టి పైపొరను శుభ్రం చేయడం. ఇనుప గుళ్లతో కొడితే ఇనుప రేణువులు మెత్తటి మెగ్నీషియంలో దిగబడి ఉండిపోతాయి. ఉప్పుతేమ చేరిన రోజున ఒక్కో రేణువూ ఒక్కో చిన్న బ్యాటరీ అవుతుంది, దాని చుట్టూ మెగ్నీషియం కరిగి పూత కింద పొక్కు లేస్తుంది. తయారీదారులు ఏజడ్91డి లాంటి మిశ్రమంలోనే ఇనుమును శాతంలో వెయ్యో వంతుల్లో లెక్కపెట్టి ఉంచుతారు. అంత జాగ్రత్తగా పోసిన లోహం మీద మనం చేతులారా ఇనుము చల్లడం ఏమిటి? గాజు పూసలు గానీ, ఇంతకుముందు ఇనుము మీద వాడని కొత్త అల్యూమినియం ఆక్సైడ్ గానీ వాడమనండి. అవి లేకపోతే బ్లాస్టింగ్ మానేసి 180, తర్వాత 320 నంబరు ఉప్పుకాగితంతో చేత్తో రుద్దడం మేలు. రుద్దగా వచ్చిన పొడిని పోగుపెట్టి వెల్డింగ్ దగ్గర ఉంచొద్దు. మెగ్నీషియం పొడి అంటుకుంటే నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది.

ఇక మెచ్చుకోవలసింది ఓవెన్. ఇంట్లో బ్రష్‌తో వేసే ఏ రంగూ దాని పనికి సాటిరాదు. ఈ కేసులు అచ్చులో ఒత్తిడితో పోసినవి కాబట్టి లోపల సన్నటి రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి వాటిలో ఆయిల్ నానుతుంది. నేరుగా పౌడర్ కొట్టి ఓవెన్‌లో పెడితే ఆ రంధ్రాల్లోని గాలి, ఆయిల్ పూతను చీల్చుకుని బయటికొచ్చి సూదిమొన రంధ్రాలు వదులుతాయి. ఇక్కడ వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే, నింద మాత్రం పౌడర్ మీద పడుతుంది. మందు తేలికే: పౌడర్‌కు ముందు ఉత్త కేసును, కాల్చే వేడికన్నా ఓ 20 డిగ్రీలు ఎక్కువలో, అరగంట నుంచి గంటసేపు ఓవెన్‌లో వేయించాలి (వేడిచేయాలి). బయటికి తీశాక ఆయిల్ చెమర్చితే తుడిచి, మళ్లీ జిడ్డు తీసి, మళ్లీ వేయించాలి. దీనికి షెడ్డువాళ్లు విసుక్కుంటారు, ఒక్క కేసు కోసం ఓవెన్ రెండుసార్లు వేడెక్కించాలి మరి. గ్రిల్స్ లోడుతో కలిపి పెట్టమంటే ఒప్పుకుంటారు.

పౌడర్ ఒక్క పొర చాలదు. కింద ఎపాక్సీ ప్రైమర్ పౌడర్, పైన పాలిస్టర్. ఎపాక్సీ క్షారానికి, తేమకు తట్టుకుంటుంది గానీ ఎండకు సుద్దలా రాలుతుంది. పాలిస్టర్ ఎండను ఆపుతుంది. రెండూ కలిపి మందం 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా రావాలి. 200 డిగ్రీల్లో 10 నిమిషాలు అని డబ్బా మీద ఉంటే అది లోహం వేడి, ఓవెన్ గాలి వేడి కాదు. గ్యాస్కెట్ ముఖాలు, బేరింగ్ గూళ్లు, బోల్టుల మర రంధ్రాలు వేడికి ఆగే టేపుతో, సిలికాన్ బిరడాలతో మూయించండి. మామూలు మాస్కింగ్ టేపు ఓవెన్‌లో మాడి జిగురు వదులుతుంది. పదునైన అంచుల మీద పౌడర్ పలచబడుతుంది కాబట్టి ముందే వాటిని కొద్దిగా గుండ్రం చేసి ఇవ్వాలి.

షెడ్డు దొరకనివాళ్లకు పెయింటు షాపులో రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్, పైన పీయూ (పాలియురేథేన్) పెయింటు ఫరవాలేదు, 5కి 3. రుద్దిన గంటలోపే ప్రైమర్ పడాలి, ముసురు రోజున వద్దు. రెండు వస్తువులు మాత్రం కొనకండి. సింథటిక్ ఎనామెల్ ఒకటి: మెగ్నీషియం మీద పుట్టే క్షారానికి అందులోని నూనె సబ్బుగా మారి పెచ్చులు లేస్తుంది. జింక్ ఎక్కువున్న ప్రైమర్ రెండోది. ఇనుముకు జింక్ తాను కరిగిపోతూ రక్షణ ఇస్తుంది, మెగ్నీషియం దగ్గర కథ తిరగబడి, జింక్‌ను కాపాడుతూ మెగ్నీషియమే కరిగిపోతుంది.

ప్లాస్మా ఎలక్ట్రోలిటిక్ ఆక్సిడేషన్ అనే పద్ధతి వీటన్నిటికన్నా గట్టిది. క్షార ద్రావణంలో వందల వోల్టుల కరెంటుతో లోహం మీదే పింగాణీ లాంటి పొర పెంచుతారు. ఆ పొరకూ రంధ్రాలుంటాయి, పైన సీలర్ గానీ రంగు గానీ తప్పదు. ఒక్క రంపం కేసు కోసం దాని వెంట పడడం దండగ.

ఎంత మంచి పూతైనా బోల్టు దగ్గరే ఓడిపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు తుప్పు పట్టదు కదా అని చాలామంది అదే వేస్తారు. బోల్టుకు ఏమీ కాదు, దాని చుట్టూ ఉన్న కేసు తినేసుకుపోతుంది. జింక్ పూత ఉన్న బోల్టు నయం. తల కింద అల్యూమినియం వాషర్ గానీ నైలాన్ వాషర్ గానీ వేసి, మరలకు సీలెంట్ రాసి బిగించాలి. ఒక చిట్కా గుర్తుంచుకోండి: బోల్టు తలకూ రంగు వేయండి. కేసు మీద ఒక సూదిమొన రంధ్రం, పక్కన పెద్ద ఉత్త బోల్టు తల ఉంటే, దాడి అంతా ఆ రంధ్రం మీదే పడి లోతైన గుంట పడుతుంది.

డబ్బులిచ్చే ముందు పరీక్ష అసలు కేసు మీద చేయొద్దు. విరిగిన పాత మెగ్నీషియం మూత ఒకటి వెంట ఇచ్చి, దానికీ అదే వరసలో పూత వేయించండి. బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ఎడంగా గళ్లు గీసి, గట్టి టేపు అంటించి లాగితే గళ్లు ఊడకూడదు. తర్వాత గీతలు లేని మరో ముక్కను, కోసిన అంచులకు మైనం పూసి, లీటరు నీటిలో 50 గ్రాముల ఉప్పు కలిపి ఒక రాత్రి ముంచి ఉంచండి. పూత మీద ఎక్కడ బుడగల వరస లేస్తే అక్కడ రంధ్రం ఉన్నట్టే. ఒకటి రెండు ఉంటే ఎపాక్సీతో అద్దొచ్చు. ముక్కంతా బుడగలు లేస్తే ముందుగా ఓవెన్‌లో వేడిచేయకుండానే పౌడర్ కొట్టారని అర్థం, కేసు మీది పూత తీయించి మళ్లీ చేయమనండి.