డెస్డిమోనా: నిర్దోషిగానే ఉంచాలా, కుట్రదారుగా మార్చాలా?

షేక్‌స్పియర్ నాటకం ‘ఒథెల్లో’ను తిరగరాయాలనుకునే వాళ్ళకి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అందులో ఇయాగో అనే కుట్రదారు చెప్పిన అబద్ధం నమ్మి, ఒథెల్లో తన భార్య డెస్డిమోనాను అనుమానించి చంపేస్తాడు.

ఆధారాలు: మూలంలో ఆమె తప్పు లేదు. అయినా కుట్రదారుగా మార్చడానికి మూడు చోట్లు దొరుకుతాయి. తండ్రికి చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. నన్ను మోసం చేసింది, నిన్నూ చేయొచ్చని ఆ తండ్రే అల్లుణ్ణి హెచ్చరిస్తాడు. భర్త ఇచ్చిన చేతిరుమాలు పోయినా, అతను అడిగితే పోలేదంటుంది. చివరికి, ప్రాణం పోతుండగా ఈ పని చేసిందెవరని పరిచారిక ఎమీలియా అడిగితే, ఎవరూ కాదు, నేనే అని కన్నుమూస్తుంది. ప్రాణం పోతూ భర్తను కాపాడిన ఆ మాటను పన్నాగంగా చూపించడానికి నాకైతే మనసు రాదు.

శ్రమ: ఉన్నట్టే ఉంచితే ఆమెకు ఇంకొంచెం గొంతు ఇస్తే చాలు. మారిస్తే ఇయాగో పాత్రను మొదటినుంచీ మళ్ళీ కట్టాలి.

రిస్క్: మొదటి దారిలో పాత్ర చప్పగా తేలొచ్చు. రెండో దారిలో భర్త చంపిన భార్యదే తప్పని చెప్పినట్టవుతుంది, ఇయాగో అబద్ధమే నిజమైపోతుంది. ఇది చాలా పెద్ద ప్రమాదం.

పది నిమిషాల ఏకపాత్రాభినయానికి కుట్రదారు డెస్డిమోనా సరిపోతుంది, ఆమెకంటూ బలమైన కారణం ఉంటే. గృహహింస గురించి మాట్లాడే పూర్తి నాటకమైతే నిర్దోషిగానే ఉంచండి.