కుంగిన మూల: మూడున్నరేళ్ల వాడకం తర్వాత దోమతెర ఫ్రేము గురించి

మంచం నాలుగు మూలలా నిలువు గొట్టాలు బిగించి, పైన అడ్డగొట్టాలు కలిపి, దోమతెర వేలాడదీసుకునే ఫ్రేమును మేము మూడున్నరేళ్లుగా వాడుతున్నాము. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మార్చుకోవచ్చు. అక్కర్లేనప్పుడు విప్పి కట్టగా కట్టి బీరువా వెనుక నిలబెట్టుకోవచ్చు. కొన్న కొత్తలో, అడిగినవారికీ అడగనివారికీ కూడా దీన్ని ఎంతగానో మెచ్చుకున్నాను. ఆ మెప్పులో చాలా భాగాన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ దాన్ని నమ్మి కొన్నవారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కనుక, మొదటి ఏడాది నాకు తెలియని ఒక విషయాన్ని ఇప్పుడు వివరంగా చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. ఎత్తు నిలపడానికి గొట్టాన్ని మెలితిప్పి బిగించే ఏర్పాటు ఒకటి ఇందులో ఉంది. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

ఆ బిగింపు సంగతి ముందు చెప్పాలి. నిలువు గొట్టం అనేది నిజానికి రెండు గొట్టాలు. కింది లావు గొట్టం మంచం పట్టెకు క్లాంపుతో బిగిసి ఉంటుంది. దానిలోంచి సన్న గొట్టం పైకి లేస్తుంది. సన్న గొట్టం అడుగున, కంటికి కనబడని చోట, ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. గొట్టాన్ని తిప్పినప్పుడు ఆ ముక్క పక్కకు జరిగి, లావు గొట్టం లోపలి గోడను ఒత్తి పట్టుకుంటుంది. రంధ్రం లేదు, చీల లేదు, నొక్కే బొత్తాము లేదు. ఒరిపిడి ఒక్కటే ఆధారం. ఇందువల్ల మెట్టుమెట్టుగా కాకుండా, పావంగుళం తేడాతో సైతం, కావలసిన చోట ఎత్తు నిలుపుకోవచ్చు. మొదట్లో నేను అందరికీ గొప్పగా చెప్పినది సరిగ్గా ఈ సౌకర్యాన్నే.

రెండో వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఎడమ మోచేతి మీద వరుసగా నాలుగైదు దద్దుర్లతో మేలుకున్నాను. టార్చి వేసి తెర లోపల మూలమూలా వెతికినా ఒక్క దోమ కనబడలేదు. అంచులు పరుపు కింద దోపినవి దోపినట్టే ఉన్నాయి, తెరలో చిరుగూ లేదు. మరునాడు రాత్రీ అంతే జరిగింది. మూడో రోజు మధ్యాహ్నం ఊరికే వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండగా, తల వైపు ఎడమ మూల తక్కిన మూడింటికంటే కిందికి దిగి ఉన్నట్టు గమనించాను. అక్కడ తెర బిగువు తప్పి లోపలికి వాలింది. నిద్రలో నా మోచెయ్యి దానికి ఆనుతోంది.

దోమతెర రంధ్రాలు ఎంత సన్నవైనా, చదరపు అంగుళానికి 156 రంధ్రాలున్న మంచి తెరైనా, దోమను లోపలికి రానివ్వకుండా ఆపగలదు గాని, ఒంటికి ఆనుకున్న చోట బయటినుంచే కుట్టకుండా ఆపలేదు. తెరకూ మనిషికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉన్నంతసేపే అది కాపలా కాస్తుంది. ఆ ఖాళీని రాత్రంతా నిలబెట్టడమే ఫ్రేము పని. అది కుంగిందంటే తెర ఎంత నాణ్యమైనదైనా లాభం లేదు.

ఆ మూలను పైకెత్తి, చేతనైనంత గట్టిగా తిప్పి బిగించి, లావు గొట్టం మూతి దగ్గర సన్న గొట్టం మీద మార్కర్‌తో ఒక గీత గీశాను. తెల్లారేసరికి గీత కనబడలేదు, లావు గొట్టంలోకి దిగిపోయింది. మళ్లీ లేపి ఈసారి అరంగుళానికొక గీత చొప్పున గీసి, వారం పాటు ప్రతి ఉదయం చూసి రాసుకున్నాను. కొన్ని రాత్రులు అరంగుళం దిగింది, కొన్ని రాత్రులు అంగుళంన్నర దిగింది. కదలకుండా నిలబడిన రాత్రి ఒక్కటీ లేదు. తక్కిన మూడు మూలలు ఆ వారంలో గీత దాటలేదు. గొట్టం మూతి చుట్టూ, నా తలగడ అంచు మీద, సన్నని తెల్లని పొడి కూడా కనబడింది. అన్నాళ్లూ గోడ సున్నం రాలుతోందనుకుని దులుపుతూ వచ్చాను. అది గొట్టం మీది తెల్ల పూత. సన్న గొట్టం దిగిన ప్రతిసారీ మూతి అంచు దాన్ని గీకుతూ వచ్చింది.

అమ్మినవారికి రాస్తే ఇంకా గట్టిగా తిప్పమని జవాబిచ్చారు. గట్టిగా తిప్పడానికి గొట్టం మొరాయిస్తోంది కదా అని మూతి దగ్గర రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేశాను. ఈ పని ఎవరూ చేయకండి. తిప్పడం సులువైంది గాని, నూనె లోపలి ప్లాస్టిక్ ముక్క దాకా దిగి, అసలున్న పట్టు కూడా పోయింది. ఆ రాత్రి పడుకున్న గంటకే మూల పూర్తిగా కిందికి వచ్చి తెర మా ముఖాల మీద వాలింది. సన్న గొట్టాన్ని బయటికి లాగి, కర్రకు గుడ్డ చుట్టి లావు గొట్టం లోపల మూడుసార్లు తుడిస్తే గాని అది మునుపటి స్థితికి రాలేదు.

గొట్టంలోనే లోపం ఉండి ఉంటుందని, తల వైపు ఎడమ గొట్టాన్ని కాళ్ల వైపు కుడి మూలకూ, అక్కడి దాన్ని ఇక్కడికీ మార్చాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కాళ్ల వైపుకు వెళ్లిన పాత గొట్టం గీత మీదే నిలబడింది. తల వైపుకు వచ్చిన కొత్త గొట్టం మూడో రాత్రి నుంచి దిగడం మొదలుపెట్టింది. కుంగుతున్నది గొట్టం కాదు, ఆ మూల.

ఆ మూలకు ఏమిటి ప్రత్యేకత అని ఆలోచిస్తే, నేను మంచం దిగేదీ ఎక్కేదీ అటువైపునుంచే. రాత్రి ఒకటి రెండుసార్లు లేస్తాను. లేచిన ప్రతిసారీ పరుపు కింద దోపిన తెరను లాగి బయటికి తీస్తాను, తిరిగి వచ్చాక దోమ దూరకుండా మళ్లీ బిగువుగా దోపుతాను. తెర బరువు ఫ్రేముకు ఒక లెక్కలోది కాదు, మొత్తం కలిపినా అరకిలో ఉంటే ఎక్కువ. ఫ్రేము మోసేది మనం దోపిన అంచుల బిగువును. తెరను కిందికి లాగి పరుపు కింద తొక్కిపెట్టినప్పుడు ఆ లాగుడంతా పై మూలకు చేరి, దాన్ని కిందికీ లోపలికీ గుంజుతుంది. మనిషి పక్కకు దొర్లినా, మోకాలు తెరకు తగిలినా అదే మూల మళ్లీ గుంజుకుంటుంది. ఒరిపిడి మీద మాత్రమే ఆధారపడిన బిగింపు అలాంటి చిన్న చిన్న లాగుళ్లకు వెంట్రుకవాసి చొప్పున లొంగుతూ పోతుంది.

కారణం తెలిశాక తప్పు నాదేనేమో అని కూడా అనుకున్నాను, కానీ ఆ ఆలోచన నిలవలేదు. రాత్రి లేచే మనుషుల కోసం, తెరను రోజూ దోపి రోజూ తీసే మనుషుల కోసమే కదా ఈ వస్తువును తయారు చేసింది. బల్ల మీద పెట్టి చూపడానికైతే ఏ బిగింపైనా నిలుస్తుంది. నిలువు గొట్టానికి నాలుగు రంధ్రాలు వేసి, స్ప్రింగు బొత్తాము ఒకటి పెట్టి ఉంటే ఈ బాధ అంతా ఉండేది కాదు. పావంగుళం తేడాతో ఎత్తు మార్చుకునే సౌకర్యం, ఇన్నేళ్లలో నిజంగా నాకు ఒక్కసారీ అవసరపడలేదు.

నాకు దొరికిన మందు నీళ్ల గొట్టాన్ని కుళాయికి బిగించే ఉక్కు పట్టీ, హోస్ క్లిప్పు అంటారే, అది. సన్న గొట్టం చుట్టూ, లావు గొట్టం మూతికి సరిగ్గా ఆనేటట్టు దాన్ని పెట్టి స్క్రూడ్రైవరుతో బిగిస్తే, ఇక సన్న గొట్టం దిగడానికి చోటుండదు. క్లిప్పే మూతి మీద కూర్చుంటుంది. కింద ఒక చుట్టు పాత సైకిలు ట్యూబు ముక్క వేస్తే పూత గీసుకుపోదు, పట్టు కూడా పెరుగుతుంది. క్లిప్పు మర తల ఉన్న వైపును బయటికి తిప్పాలి, లేకపోతే తెర దానికి చిక్కుకుని చిరుగుతుంది. నాలుగు మూలలకూ నాలుగు వేశాను. ఆ రోజు నుంచి ఈనాటి వరకు ఏ మూలా కుంగలేదు. ఫ్రేము విప్పినా క్లిప్పులు వదలనవసరం లేదు కాబట్టి, మళ్లీ నిలబెట్టినప్పుడు పాత ఎత్తు టేపుతో కొలవకుండానే దొరుకుతుంది. ఇది నేను కోరుకోకుండా వచ్చిన లాభం.

ఈ ఫ్రేమును ఇంత తిట్టుకుంటూ కూడా ఇంట్లో ఎందుకు ఉంచుకున్నానంటే, కారణం మా అమ్మ. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ రెండు నెలలు మా దగ్గరే, మూడడుగుల వెడల్పున్న ఒంటి మంచం మీద ఉన్నది. పగలు కూడా మంచం మీదే కాబట్టి పగటిపూట కూడా తెర కావాలి. డెంగ్యూ జ్వరాన్ని మోసుకొచ్చే ఏడిస్ దోమ పగలే కుడుతుందని, రాత్రి కాపలా ఒక్కటీ చాలదని డాక్టరు కూడా గుర్తు చేశారు. మా అయిదడుగుల మంచం మీది ఫ్రేమునే తీసి, అడ్డగొట్టాలను లోపలికి తోసి, ఆ ఒంటి మంచానికి బిగించాను. "కూర్చుంటే నెత్తికి తగలకుండా చూడు నాయనా, అది చాలు" అన్నది అమ్మ. పరుపు మీదినుంచి నాలుగడుగులు ఉండేటట్టు ఎత్తు తగ్గించి, క్లిప్పులను కిందికి జరిపి నిలబెట్టాను. అలా తగ్గించిన ఫ్రేము, మా మంచం మీద ఎన్నడూ లేనంత గట్టిగా నిలబడింది. చేత్తో ఊపినా ఊగలేదు.

కారణం లోపలి గొట్టం బయటి గొట్టంలో ఎంత లోతుగా కూర్చున్నదన్నదే. పూర్తిగా సాగదీసినప్పుడు రెండింటి కలయిక నాలుగు అంగుళాలకు మించదు. ఆ కొద్ది చోటులోనే సన్న గొట్టం అటూ ఇటూ కదిలి, నాలుగు గొట్టాలూ ఒకేవైపు వాలి, పైకప్పు పక్కకు ఒరుగుతుంది. ఐమూలగా వేసే అడ్డకట్టు దీనికి లేదు గనుక ఆ ఒరుగుడును ఆపేది మరేదీ లేదు. జానెడు లోతుగా కూర్చుంటే అది బాగా తగ్గుతుంది. కాబట్టి ఎత్తు ఎంత వరకు సాగుతుందని పెట్టె మీద రాసి ఉంటుందో, అందులో ఆరేడు అంగుళాలు లేనట్టే లెక్క వేసుకోవాలి. తెర లోపల నిలబడి పక్క దులుపుకోవచ్చని ఒకప్పుడు నేను చెప్పిన మాట, నిజానికి ఆ పూర్తి ఎత్తును నమ్మి చెప్పినది.

విప్పడం, బిగించడం పది నిమిషాల పని అని కూడా చెప్పి ఉన్నాను. కొత్తలో నిజంగానే పది నిమిషాలు పట్టేది. ఇప్పుడు ఇరవై అయిదు పడుతోంది. పూత గీసుకుపోయిన చోట్ల గొట్టానికి సన్నగా తుప్పు పట్టి, లోపలి గొట్టం సులువుగా జారడం లేదు. గరుకు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి మైనం పల్చగా రాస్తే కొంత నయం. నిలువు గొట్టాలకు మాత్రం మైనం రాయను. పైన చెప్పిన నూనె అనుభవం చాలు. పై మూలల్లో మూడు గొట్టాలను కలిపే ప్లాస్టిక్ జాయింట్లలో ఒకటి మూడో ఏట నిలువునా చీలింది. విడిగా దొరికింది కాబట్టి సరిపోయింది. కొనేముందు ఆ జాయింట్లు విడిగా అమ్ముతారో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది.

మాది అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టే వీలు లేదు, మంచానికి అంగుళంన్నర మందం పట్టెలున్నాయి, ఇంట్లో మంచం మీద గెంతే వయసు పిల్లలు లేరు. ఈ పరిస్థితుల్లో, క్లిప్పులు వేసుకున్నాక, ఇది నాకు పనికివచ్చింది. కింద పెట్టెలా మూసి ఉండే మంచమైతే క్లాంపు పట్టడానికి పట్టె అంచు దొరకదు, వారు దీని జోలికి వెళ్లకపోవడమే నయం. రాత్రి లేవని మనిషికి, తెర అంచులు వదులుగా నేల దాకా వేలాడదీసుకునేవారికి ఈ మెలితిప్పే బిగింపు కూడా ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు. సొంత ఇల్లై, పైకప్పుకు కొక్కేలు వేసుకునే వీలుంటే నేను మళ్లీ ఇదే కొంటానా అన్నది చెప్పలేను. అద్దె ఇంట్లో ఉన్నంతకాలం మాత్రం కొంటాను, అయితే స్ప్రింగు బొత్తాము ఉన్నదే చూసి కొంటాను.

అమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు ఫ్రేము కూడా కావాలన్నది. నాలుగు క్లిప్పులూ అదే ఎత్తులో వదిలి, తనతో పంపించాను. మా మంచానికి ఇంకొకటి వెతుకుతున్నాను.