రాడు లూపు వాయించిన బ్రామ్స్: డెక్కా సీడీ

అరవై ఏళ్లకు దగ్గరవుతూ, 1892, 93 ప్రాంతంలో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రాసిన చిన్న చిన్న పియానో రచనలే ఇందులో ఎక్కువ. ఓపస్ 117లో (ఓపస్ అంటే స్వరకర్త రచనల వరస సంఖ్య) మొదటిదానికి ఒక స్కాటిష్ జోలపాట ప్రేరణ. రొమేనియన్ పియానిస్ట్ లూపు వేళ్ల కింద ఆ రాగం పై స్వరాలకీ కింది స్వరాలకీ మధ్య ఒదిగి, ఊయలలా కదులుతుంది. నాకు ప్రాణం మాత్రం బ్రామ్స్ తన ఆప్తురాలు, పియానిస్ట్ క్లారా షూమన్‌కి అంకితమిచ్చిన ఓపస్ 118లోని రెండోది. మధ్యలో దిగులు పలికే శ్రుతి, ఎఫ్ షార్ప్ మైనర్‌లోకి దిగినప్పుడు లూపు తొందరపడడు, దుఃఖాన్ని ఒలకబోయడు. నాకు కళ్లు చెమర్చేది అక్కడే. 1879 నాటి రెండు రాప్సొడీలూ (స్వేచ్ఛగా, ఉద్వేగంగా సాగే రచనలు) ఉన్నాయి. వాటి ధాటి వేరు, విడిగా వినండి. ఫోన్ స్పీకర్‌లో అయితే ఎడమచేతి మంద్రస్వరాలు సగం వినిపించవు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.