తెల్ల ప్లేటు వచ్చాక పిరెల్లి డయాబ్లో సూపర్‌బైక్ స్లిక్ వేయొచ్చా?

అమెరికాలో వేరా, సీసీఎస్ లాంటి బైక్ రేసింగ్ క్లబ్బుల్లో రేసు బైకుకి పసుపు నంబర్ ప్లేటు ఉంటే నావిస్ లేదా అమెచ్యూర్ (కొత్త రేసరు), తెల్ల ప్లేటయితే ఎక్స్‌పర్ట్ (అనుభవమున్న రేసరు). ప్లేటు రంగు మారగానే చాలామంది మొదట పెట్టే ఖర్చు స్లిక్ టైర్ల (గాడులు లేని నున్నటి రేసు టైర్ల) మీదే. పిరెల్లి డయాబ్లో సూపర్‌బైక్ పేరు అక్కడ గట్టిగా వినిపిస్తుంది. 2004 నుంచి ఏళ్ళ తరబడి ప్రపంచ సూపర్‌బైక్ చాంపియన్‌షిప్‌కి టైర్లు ఇచ్చిన కంపెనీ అది, ఆ నమ్మకం ఊరికే రాలేదు. టైరు నిజంగా గొప్పది. కాకపోతే వార్మర్లు (టైరుకి చుట్టి వేడెక్కించే కరెంటు దుప్పట్లు) లేకుండా, బైక్ ఎత్తు సరిచూసుకోకుండా బిగిస్తే మంచి టైరే కింద పడేస్తుంది.

కొనేముందు రూల్ బుక్ తెరవండి. సూపర్‌స్టాక్ లాంటి క్లాసుల్లో (రేసు విభాగాల్లో) డాట్ ముద్ర (రోడ్డు మీద వాడొచ్చని చెప్పే అమెరికా రవాణా శాఖ గుర్తు) ఉన్న టైర్లే వాడాలి, స్లిక్ వేస్తే రేసుకి ముందు జరిగే టెక్ ఇన్‌స్పెక్షన్‌లోనే ఆపేస్తారు. మీరు దిగే క్లాసులన్నీ అలాంటివే అయితే పిరెల్లిదే డాట్ ముద్ర ఉన్న సూపర్‌కోర్సా ఎస్‌సీతోనే ఉండిపోండి, నష్టం లేదు.

అమెచ్యూర్ రేసులో మొదటి రెండు ల్యాపులు కాస్త చూసుకుని నడిపినా తర్వాత అందుకోవచ్చు. ఎక్స్‌పర్ట్ గ్రిడ్‌లో ఆ వెసులుబాటు ఉండదు. ఆరు నుంచి ఎనిమిది ల్యాపుల స్ప్రింట్‌లో ముందు వెళ్ళేవాళ్ళు మొదటి మలుపుకే పూర్తి వంపుతో దిగుతారు. అందుకే వార్మర్లు తప్పనిసరి. 80 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టి గంటసేపు ఉంచాలి. అరగంటకే పైన చెయ్యి పెడితే కాలుతుంది, అక్కడే చాలామంది మోసపోతారు. వార్మర్ అంచు కొంచెం ఎత్తి రిమ్ము ముట్టుకోండి. రిమ్ము ఇంకా చల్లగా ఉంటే టైరు లోపలి పొర వేడెక్కలేదన్నమాట. రిమ్ము గోరువెచ్చగా తగిలితే అప్పుడు సిద్ధం. జత వార్మర్లకి సుమారు 1,000 వాట్లు కావాలి. 2,000 వాట్ల జనరేటర్ చక్కగా సరిపోతుంది, అదే జనరేటర్‌కి పక్క పిట్ వాళ్ళ వార్మర్లు కూడా తగిలించకపోతే.

ఇక గాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వార్మర్ తీసిన వెంటనే, వేడి మీద, ముందు టైరుకి 33 నుంచి 35 పీఎస్‌ఐ, వెనక టైరుకి 24 నుంచి 26 మొదలుపెట్టే అంకెలు. ట్రాక్ దగ్గర టైర్లు అమ్మేవాళ్ళు ఆ రోజు తారు చూసి ఒకటి అటూ ఇటూ చెప్తారు, వాళ్ళ మాట వినండి. వేడి మీద 24 పెట్టిన వెనక టైరు 20 డిగ్రీలకి చల్లారాక గేజ్‌లో 17, 18 మాత్రమే చూపిస్తుంది. అది చూసి పంక్చరేమోనని కంగారు పడి గాలి కొట్టొద్దు. పొద్దున్నే చల్లటి టైరులో 24 కొట్టి వార్మర్ వేస్తే గంట తర్వాత అది 32 దాకా వెళ్తుంది. అప్పుడు టైరు ఉబ్బి నేలకి ఆనే భాగం సన్నబడుతుంది, యాక్సిలరేటర్ తెరిచినప్పుడల్లా వెనక చక్రం జారుతుంది. రైడరేమో కాంపౌండ్ (టైరు రబ్బరు మిశ్రమం) బాగాలేదనుకుంటాడు.

కాంపౌండ్ విషయంలోనూ ఒక అపోహ ఉంది: చలిరోజు కాబట్టి మెత్తటి టైరు వేయాలని. వెనక టైరులో ఎస్‌సీ0 మెత్తనిది, ఎస్‌సీ1 మధ్యస్తం, ఎస్‌సీ2 ఇంకా గట్టిది. ఎస్‌సీ0 పనిచేసేది ఎండ కాసి నున్నగా ఉన్న తారు మీద. చల్లటి పొద్దున గరుకు తారు మీద దాన్ని వేస్తే చిరిగిన గుడ్డలా లోతైన చీలికలు పడతాయి. లోపల చల్లగా ఉండి పైన మాత్రమే వేడెక్కడం వల్ల వచ్చే చీలిక అది. వారాంతంలో నాలుగు రేసులు ఉన్నవాళ్ళు వెనక ఎస్‌సీ1, ముందు ఎస్‌సీ1 వేసుకుంటే చాలు. బ్రేకు మీద ముందు టైరు నలిగిపోతున్నట్టు అనిపించేంత వేడిరోజైతే ముందు టైరుని ఎస్‌సీ2కి మార్చండి.

600 సీసీ బైకుల 5.5 అంగుళాల రిమ్ముకి 180/60 సైజు తీసుకోండి (మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో). 200/60కి ఆరు అంగుళాల రిమ్ము కావాలి, స్వింగార్మ్‌కీ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) చైన్‌కీ తగలకుండా ఖాళీ కూడా చూసుకోవాలి. ఇప్పటిదాకా 180/55 వాడినవాళ్ళు లెక్కేసుకోండి: పక్క గోడ 99 మిల్లీమీటర్ల నుంచి 108కి పెరుగుతుంది, అంటే కాగితం మీద బైక్ వెనక భాగం 9 మిల్లీమీటర్లు లేస్తుంది. వెనక లేస్తే బైక్ చురుగ్గా తిరుగుతుంది, కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రం తేలిపోయి ఊగుతుంది. అసలు తేడా కాగితం లెక్క కంటే తక్కువ కావచ్చు కాబట్టి పాత టైరుకీ కొత్త టైరుకీ గాలి సరిపెట్టి, నేల మీద సుద్దగీత గీసి, చక్రం ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలవండి. చుట్టుకొలత తేడాని 6.28తో భాగిస్తే పెరిగిన ఎత్తు వస్తుంది. దాన్ని షాక్ (వెనక సస్పెన్షన్) పొడవు తగ్గించి సరిచేయాలి. చాలా బైకుల్లో షాక్ దగ్గర ఒక మిల్లీమీటరు యాక్సిల్ దగ్గర సుమారు రెండు మిల్లీమీటర్లవుతుంది, అందుకని ఒకేసారి తిప్పేయకుండా కొంచెం కొంచెం తగ్గించండి. చుట్టుకొలత మూడు శాతం దాకా పెరుగుతుంది కాబట్టి గేర్ కూడా పొడవవుతుంది, అంటే ఇంజన్ ఒక్కో చుట్టుకి బైక్ ఎక్కువ దూరం వెళ్తుంది, పికప్ తగ్గుతుంది. వెనక స్ప్రాకెట్ 45 పళ్ళదైతే ఒక పన్ను పెంచితే దాదాపు పాత లెక్కకి వస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే పవర్ తగ్గించే ఏర్పాటు) ఉన్న బైకులో టైరు క్యాలిబ్రేషన్ మళ్ళీ చేయడం మరిచిపోవద్దు, లేదంటే ఏ జారుడూ లేకుండానే పవర్ కోసేస్తుంది.

స్లిక్ పట్టు పెరిగేకొద్దీ బ్రేకు ఆలస్యంగా, గట్టిగా వేస్తారు. కంపెనీ ఇచ్చిన ఫోర్క్ (ముందు సస్పెన్షన్) స్ప్రింగులు అప్పుడు పూర్తిగా నొక్కుకుపోయి అడుగు తగులుతాయి. ఫోర్క్ గొట్టానికి జిప్ టై ఒకటి కట్టి సెషన్ తర్వాత చూడండి. అది ఫోర్క్ కదలిక (ట్రావెల్) చివరికంటా వెళ్ళిపోయి ఉంటే కొత్త టైర్ల కంటే ముందు మీ బరువుకి తగ్గ స్ప్రింగులు కొనాలి. ఈ వరుస తప్పితే స్లిక్ ఇచ్చే లాభంలో సగం కూడా చేతికి రాదు.

పెద్ద టీములు ఒక సెషన్ వాడి తీసేసిన టైర్లు చౌకగా దొరుకుతాయి. ప్రాక్టీసుకి పనికొస్తాయి, రేసుకి వద్దు. కొనేటప్పుడు అరుగుదల చూపించే చిన్న గుంటల లోతు నడిమధ్యలో కాకుండా భుజాల దగ్గర చూడండి, వెనక టైరు అరిగేది అక్కడే. బొటనవేలి గోరు భుజం మీద గుచ్చితే ముద్ర పడాలి. పడకుండా జారిపోతే ఆ రబ్బరు ఇప్పటికే ఎన్నోసార్లు కాగి చల్లారింది, ధర ఎంతైనా వదిలేయండి.