కూరగాయల పాదులపై పండు ఈగ: క్యూ లూర్ బుట్ట, గుడ్డ సంచులు వాడి చూశాక

విజయవాడ సత్యనారాయణపురంలోని మా మేడ మీద కాకర, బీర, సొర పాదులను పెంచుతూ, పండు ఈగ బెడద తగ్గించుకోవడానికి క్యూ లూర్ అనే వాసన బిళ్ల పెట్టిన, ఈగలను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టను కొన్నేళ్లుగా వాడుతున్నాను. వస్తువు మంచిదే గాని, అమ్మేవారు చెప్పే పని మాత్రం అది చేయదు. బుట్ట ఒక్కటే వేలాడదీసి కాయలన్నీ దక్కుతాయనుకునేవారికి నిరాశ తప్పదు.

క్యూ లూర్ వాసనకు వచ్చేవి మగ ఈగలే. కాయను పాడుచేసేది ఆడ ఈగ. అది లేత పిందె తొక్కలోకి సూదిలాంటి అవయవాన్ని దించి గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో బయటపడే పురుగులు గుజ్జును తినేయడంతో, గుచ్చిన చోట బంక కారి, పిందె వంకర తిరిగి, పసుపుబారి రాలిపోతుంది. మా బుట్టలో మగవి ఎన్ని పడ్డా, చుట్టుపక్కల పెరళ్లలోను, ఖాళీ స్థలాల్లోను అల్లుకున్న తీగల దగ్గర అప్పటికే జతకట్టిన ఆడ ఈగలు ఎగిరి రావడం ఆగదు. ఊరి రైతులందరూ కలిసి పొలాల నిండా బుట్టలు పెట్టినప్పుడు వచ్చే ఫలితాన్ని ఒక్క మేడ మీద ఆశించడం సబబు కాదు.

అయినా బుట్టను మానలేదు. వానలు మొదలయ్యాక అందులో పడే ఈగలు పెరుగుతుంటే, ఇక పిందెలకు సంచులు కట్టక తప్పదని తెలుస్తుంది. దాన్ని నేను ప్రధానంగా అందుకే వాడుతున్నాను. రోహిణి కార్తె ఎండల్లో బుట్ట దాదాపు ఖాళీగానే ఉంటుంది, పైగా ఆ వేడికి బిళ్ల వాసన పొట్లం మీది గడువుకు ముందే తగ్గిపోతుంది కనుక, వేసవిలో కొత్త బిళ్ల కొనడం దండగ. పసుపు రంగు జిగురు అట్టలకైతే ఈగల కంటే పనికొచ్చే పురుగులే ఎక్కువగా అంటుకున్నాయి.

నిజంగా కాయను కాపాడింది పాత పంచె చింపి కుట్టిన గుడ్డ సంచి. దీనికి సమయం ముఖ్యం. పువ్వు విచ్చుకోకముందే కడితే తేనెటీగల వంటి కీటకాలు చేరలేక పిందె నిలవదు. ఆలస్యమైతే ఈగ అప్పటికే గుడ్లు పెట్టి ఉంటుంది. బీర, సొర సాయంత్రం పూస్తాయి కాబట్టి మర్నాడు పొద్దున్నే కట్టాలి. కాకర ఉదయం పూస్తుంది కనుక ఆ సాయంత్రానికి కట్టినా చాలు. బీరకాయ పొడుగు సాగుతుందని సంచిని పొడవుగా కుట్టి, మూతిని తొడిమ దగ్గర వదులుగా, ఈగ దూరనంత మాత్రమే బిగించాలి. కాగితం సంచులు వానకు తడిసి చిరిగిపోయాయి, ప్లాస్టిక్ కవర్లలో ఆవిరి పట్టి కాయ కుళ్లింది. నైలాన్ వలకు గాలి బాగా ఆడుతుంది గాని, కాయ వలకు ఆనుకున్న చోట ఆడ ఈగ కన్నాల గుండానే గుచ్చుతుంది. గుడ్డలో పెరిగిన బీరకాయ కాస్త పాలిపోయినట్లు కనిపించినా, పచ్చడిలో తేడా ఏమీ తెలియలేదు.

రాలిన పిందెలను ఎరువు డబ్బాలో వేయకూడదు. పురుగు కాయలోంచి బయటపడి మట్టిలోకి దిగి కోశస్థ దశకు, అంటే ఈగగా మారే ముందు గూడులో ఉండే దశకు చేరుతుంది, అంటే ఆ డబ్బా నుంచే మళ్లీ ఈగలు పుడతాయి. నేను వాటిని పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి ఎండలో పెడతాను, తొట్టెల పైమట్టిని అప్పుడప్పుడు గుల్ల చేస్తాను. ఓపిక కావలసిన పనే, కాని రెండు మూడు పాదులున్న ఇంటికి మందు చల్లవలసిన అవసరం రాలేదు.

కొనేటప్పుడు పొట్లం మీది పేరు తప్పక చూసుకోవాలి. మామిడి, జామలను ఆశించే ఈగకు పనిచేసేది మిథైల్ యూజినాల్ బిళ్ల. దుకాణాల్లో పండు ఈగ బుట్ట అని అడిగితే చాలాసార్లు దాన్నే చేతిలో పెడతారు, కాకర పాదు దగ్గర అది కట్టినా ప్రయోజనం ఉండదు.