సమ్మె ప్రశ్న దగ్గర నేను ఆగిపోయిన చోటు: విజయనగరంలో ఒక ఆదివారం తరగతి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద ఆదివారాలు రీజనింగ్ తరగతి నడుస్తుంది. లా కోర్సుల ప్రవేశ పరీక్ష క్లాట్ కోసం మూడు నెలలు వెళ్లాను. ఫీజు 4,500 రూపాయలు, పుస్తకం అందులోనే. గది ఇరుకు, ఫ్యాన్లు రెండే. మధ్యాహ్నం బస్సుల హారన్లు పాఠానికి అడ్డం వస్తాయి. అయినా మళ్లీ చేరతాను. కారణం ఒక్క ప్రశ్న.

మాది నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేశారు. షిఫ్టు దిగి వచ్చేసరికి జుట్టు నిండా నార నూగు ఉండేది. అందుకే కార్మిక వివాదాల మీద పేరా కనిపిస్తే చాలు, అది నాకు తెలిసిన విషయమే అనుకునేదాన్ని. సరిగ్గా అక్కడే మార్కులు పోయేవి.

ఆ ప్రశ్న ఇది. ఒక గోనెసంచుల మిల్లులో సమ్మె జరిగిన నెలలో ఉత్పత్తి సగానికి పడిపోయింది, కాబట్టి నష్టానికి సమ్మే కారణమని యాజమాన్యం అంటోంది. ఈ వాదనను ఎక్కువగా బలహీనపరిచేది ఏది? ఆరేళ్లుగా వేతనాలు పెరగలేదన్న జవాబు ఒకటి. సమ్మెకు రెండు వారాల ముందే ముడి నార రావడం ఆగి, సగం మగ్గాలు ఖాళీగా ఉన్నాయన్నది మరొకటి. నేను క్షణం ఆలోచించకుండా మొదటిది పెట్టాను.

మాస్టారు నన్ను తప్పు పట్టలేదు. బోర్డు మీద యాజమాన్యం వాక్యాన్ని రెండు ముక్కలుగా రాసి, మధ్యలో ఖాళీ వదిలారు. ‘‘వేతనం పెరగకపోవడం అన్యాయమే అనుకుందాం. దానితో ఈ ‘కాబట్టి’ ఏమైనా కదిలిందా?’’ అని అడిగారు. కదలలేదు. సమ్మె ఎందుకు చేశారో ఆ జవాబు చెబుతుంది. ఉత్పత్తి ఎందుకు తగ్గిందన్నది అలాగే మిగిలిపోతుంది. నార ముందే ఆగిందంటే మాత్రం సమ్మె లేకపోయినా ఉత్పత్తి పడేదే. ‘కాబట్టి’ నిలబడదు.

ఆ రాత్రి నాన్న అన్నం తింటుంటే ఇదే ప్రశ్న చదివి వినిపించాను. జవాబులు చదవకముందే ఆయన అడిగారు: ‘‘ఆ నెల నార వచ్చిందా?’’

వాదన పైకి చెప్పకుండానే నిజమనుకునే ఊహను పట్టుకునే పద్ధతి కూడా ఇక్కడ బాగా చెబుతారు. అనుమానం వచ్చిన వాక్యాన్ని తిప్పి ‘కాదు’ అని చదవాలి. వాదన కూలిపోతే అది ఆధారపడిన ఊహ అదే. క్లాట్‌లో 120 ప్రశ్నలకు 2 గంటలే, ఒక్కో తప్పుకు పావు మార్కు కోత. అంత తొందరలో నాకు ఎక్కువగా అక్కరకు వచ్చింది ఈ ఉపాయమే.

పుస్తకం మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక పేరాలో యాజమాన్యమే మిల్లు గేటుకు తాళం వేసింది. వెనుక వివరణలో దాన్ని ‘సమ్మె’ అని రాశారు. కార్మికులు కలిసి పని ఆపితే సమ్మె, యాజమాన్యం పని ఆపేస్తే లాకౌట్. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే రెండింటినీ విడివిడిగా నిర్వచించింది. ఎవరి చేతిలో తాళం ఉందో తెలియకుండా వాదనను ఎలా తూచగలం? గేటు బయట నిలబడి జీతం లేక ఎదురుచూసిన ఇళ్లలో ఈ రెండు మాటలూ ఎప్పటికీ ఒకటి కావు.

ఇంకో లోపం. సమ్మెకు ముందస్తు నోటీసు ప్రజోపయోగ సేవల్లోనే తప్పనిసరి అని అదే పుస్తకంలో ఉంది. అది పాత చట్టం మాట. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పారిశ్రామిక సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పరీక్షలో పేరాలో ఉన్నదే ఆధారమని నాకు తెలుసు. కానీ వివరణ చదివేవాళ్లు అది నిజమని నమ్మి గుర్తుపెట్టుకుంటారు.

రెండూ కాగితం మీద రాసి మాస్టారికి ఇచ్చాను. ఆయన అక్కడే పెన్సిలుతో తన ప్రతిలో దిద్దుకున్నారు. పిల్లల చేతుల్లో ఉన్న పుస్తకాల్లోనూ దిద్దించాలని అడిగాను. చేరేవాళ్లు పుస్తకం తీసుకోగానే ఆ రెండు పేజీలు చూసుకోండి.