360 డిగ్రీల గుండ్రటి కోణమానిని: రెండు నెలలు వాడాక

అసలు ఇది ఎందుకు కొన్నానంటే, ఆరో క్లాసు చదివే మా పాప బాణం మొనలాంటి చతుర్భుజం ఒకటి గీసి నాలుగు కోణాలూ కొలిచి కూడితే 240 వచ్చింది, చతుర్భుజానికి 360 రావాలి కదా నాన్నా అని బిక్కమొహం వేసుకుని వచ్చింది. చూస్తే 30, 60, 30 కరెక్టే, నాలుగోది లోపలికి నొక్కుకుపోయిన మూల, దాన్ని బయటి వైపు నుంచి కొలిచి 120 అని రాసింది. దాని తప్పేం లేదండి, పెట్టెలో వచ్చే సగం చందమామ 180 దగ్గర ఆగిపోతుంది, పరావర్తన కోణం, అంటే 180 దాటిన కోణం కావాలంటే 360 లోంచి తీసేసుకోవాలి. మనకి తెలుసు కాబట్టి తీసేస్తాం, పిల్లకి అక్కడ 240 ఉందని కంటికి కనపడితే కదా.

ఈ గుండ్రటిది పెట్టగానే కనపడింది. మధ్యలో తిరిగే పుల్ల ఉంది, దాన్ని సున్నా నుంచి మెల్లగా తిప్పుతుంటే అల్పకోణం, 90 దగ్గర లంబకోణం, అది దాటితే అధికకోణం, 180కి సరళకోణం, ఇంకా తిప్పితే పరావర్తనం, పేర్లన్నీ ఒకే తిప్పుడులో వచ్చేశాయి, బట్టీ పట్టే పనే లేకుండా పోయింది. ఆ ఊపులో ఐదు మొనల నక్షత్రం కూడా కొలిచాం, మొనలు ఒక్కోటి 36, లోపలి మూలలు ఒక్కోటి 252, మొత్తం 1440. పది భుజాల బొమ్మకి ఎనిమిది 180లు, సరిగ్గా అంతే రావాలి, పాప గంతులేసింది.

లోపాలు లేకపోలేదు. అంకెలు ప్లాస్టిక్ పైవైపు అచ్చేశారు, ప్లాస్టిక్ మందం కాబట్టి పక్క నుంచి చూస్తే ఒక డిగ్రీ అటూ ఇటూ అయిపోతోంది, ఒక కన్ను మూసి నిటారుగా పైనుంచే చూడాలి. అంకెలు కిందివైపు అచ్చేసి ఉంటే ఈ గోలే ఉండేది కాదు. పుల్ల రివెట్ కూడా కాస్త వదులైంది, షడ్భుజి గీసేటప్పుడు ఒక్కో మూల 120 పెట్టుకుంటూ పోతే ఆఖరి గీత మొదటి చుక్కకి కలవలేదు, మూలమూలకీ కొంచెం కొంచెం తేడా పేరుకుపోయింది మరి.

దీంతోపాటు రెండు మూలమట్టాలు కూడా వచ్చాయి, 45ది ఒకటి, 30-60ది ఒకటి. ఇవి మాత్రం చాలా బాగున్నాయి, ఒక గీత మీద నిలువు గీసి మట్టాన్ని అటు తిప్పి మళ్లీ గీస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అంటే 90 పక్కా. రెండూ పక్కపక్కన పెట్టి 75, 105 కూడా గీసేస్తోంది పాప.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా, కొనేముందు పుల్ల ఒకసారి తిప్పి చూసుకోండి, గట్టిగా ఉన్నదే తీసుకోండి.